మియాటాకి టోపీ పెట్టడం సులువే, తీసిన టోపీ ఎక్కడ పెట్టాలన్నదే బాధ

ముందే చెప్పేస్తున్నా, మియాటా కారుకి హార్డ్‌టాప్, అంటే విడిగా బిగించుకునే గట్టి పైకప్పు, కొనాలనుకుంటే ఫస్ట్ టేపు పట్టుకుని గరాజ్‌లోకి వెళ్ళండి. కొలవాల్సింది కారు కాదు, గోడలూ సీలింగూ. నేను ఆ పని చెయ్యలేదు. మంచి బేరం దొరికిందని ఎగేసుకుని తెచ్చుకున్నా, చలికాలం అంతా బానే గడిచింది, ఏప్రిల్లో ఎండ రాగానే మా బావమరిదిని పిలిచి ఇద్దరం కలిసి పైకెత్తేశాం, ఎత్తి పట్టుకున్నాక వాడు "బావా, ఇప్పుడు దీన్ని ఎక్కడ పెట్టాలి?" అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు. ఆ టాప్ రెండు నెలలు మా గెస్ట్ బెడ్రూమ్‌లో మంచం మీద దుప్పటి కప్పుకుని పడుకుంది. మా అత్తగారు ఇండియా నుంచి వచ్చే టైమ్ దగ్గరపడ్డాక మా ఆవిడ "ఏమండీ, అమ్మని దాని పక్కన పడుకోబెడతారా, కింద పడుకోబెడతారా" అని అడిగింది. అప్పుడు పుట్టింది ఈ జ్ఞానమంతా.

మేముండేది డెట్రాయిట్ పక్కన. కారు 1996 మియాటా, అంటే మాజ్దా ఎంఎక్స్-5 మొదటి తరం, అందరూ ఎన్ఏ అంటారు. 1989లో చికాగో ఆటో షోలో బయటికొచ్చిన మోడల్, 1997 దాకా చేశారు, లైట్లు కళ్ళు తెరిచినట్టు పైకి లేచేది అదే. తర్వాతది ఎన్బీ, 2005 దాకా. ఈ రెండింటి హార్డ్‌టాపులూ ఒకదానికొకటి సరిపోతాయి, అది మన అదృష్టం, దాని తర్వాత వచ్చిన ఎన్సీది గానీ ఇప్పటి ఎన్డీది గానీ మాత్రం దీనికి పట్టదు, ఎవరైనా "మియాటా టాపే కదండీ, అన్నీ ఒకటే" అని అమ్మజూపితే అది కారుకి పెట్టే టోపీ కాదు, మీకు పెట్టే టోపీ.

ఇండియాలో ఈ కారు ఎప్పుడూ అమ్మలేదు కాబట్టి హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకి ఇదంతా వింతగా ఉండొచ్చు. కారుకి మామూలుగా గుడ్డ టాప్ ఉంటుంది, మడత పెడితే సీట్ల వెనక పడుకుంటుంది. మిషిగన్ లాంటి చోట నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా ఆ గుడ్డ టాప్‌తో తిరగడం అంటే టెంటులో కాపురం. అందుకని దాని పైన గట్టి టాప్ ఒకటి, వెనక గాజు అద్దంతో సహా, విడిగా బిగించుకుంటాం, వేసవిలో తీసేస్తాం. ఇదేం కొత్త ఐడియా కాదు, 1963లో జెనీవాలో చూపించిన మెర్సిడెస్ 230 ఎస్ఎల్‌కి పగోడా అని పేరొచ్చిందే దాని హార్డ్‌టాప్ మధ్యలో లోపలికి వంగి గుడి కప్పులా ఉంటుందని. మాజ్దావాళ్ళకీ ఈ ఎత్తడం దించడం బాధ తెలుసు, అందుకే ఎన్సీలో బటన్ నొక్కితే 12 సెకన్లలో మడుచుకునే గట్టి టాప్ తెచ్చారు. మనం పాత కారు ప్రేమికులం కాబట్టి మనకి బావమరిదే బటన్.

ఇక బరువు. కంపెనీ టాప్ 45 పౌండ్ల దరిదాపుల్లో ఉంటుంది, 20 కేజీలు. ఇక్కడి మన సరుకుల షాపు పటేల్ కొట్లో 20 పౌండ్ల సోనామసూరి బస్తాలు రెండు ఒకేసారి ఎత్తినంత. బరువుగా చూస్తే ఏం లేదు, కానీ బియ్యం బస్తా భుజాన వేసుకోవచ్చు, దీన్ని వేసుకోలేం, వెడల్పు వల్ల ఒక్కడి చేతులకి సరిగ్గా పట్టు దొరకదు, పైగా గాజు అంతా వెనక ఉండటం వల్ల బరువు కూడా వెనక్కే లాగుతుంది. ఒక్కడే కారులో నిలబడి వీపు మీద ఎత్తుకుని దించే వీరులు ఉన్నారు, వాళ్ళని చూసి మీరు చెయ్యకండి. జారితే పోయేది ట్రంక్ (డిక్కీ) మూత పెయింటు, లేదా ఆ గాజు. గాలి వీచే రోజు అసలు ముట్టుకోవద్దు, చేతిలో ఉన్నది తెరచాప అయిపోతుంది.

కొనేటప్పుడు ఏం చూడాలో కూడా చెప్తా, ఎందుకంటే పాత టాపు రెండు వేల డాలర్లు దాటి పలుకుతోంది ఈ రోజుల్లో. గాజు చుట్టూ గోకి చూడండి, లోపలివైపు తడి చార లేదంటే ఉబ్బు కనపడితే కారుతోందన్నమాట. రబ్బరు సీళ్ళు వేలితో నొక్కితే తిరిగి లేవాలి, బిస్కెట్‌లా పెళుసుగా ఉంటే కొత్తవి కొనాలి, ఆ ఖర్చు బేరంలో కొట్టించుకోండి. పాత టాపుల్లో కొన్నింటికి వెనకద్దం మీద మంచు కరిగించే డీఫ్రాస్టర్ ఉండదు, గాజు మీద సన్నటి గీతలు ఉన్నాయా లేవా చూస్తే తెలిసిపోతుంది, చలి ఊళ్ళో ఉంటే అది ఉన్నదే తీసుకోండి. రంగు గురించి ఎక్కువ ఆలోచించకండి. నాది ఎర్ర కారు, తెల్ల టాప్. మా బావమరిది దాన్ని పోస్ట్‌బాక్స్ మీద మంచు పడ్డట్టుంది అంటాడు, పడనీ.

అన్నిటికంటే ముఖ్యం, టాప్‌తో పాటు పక్క స్ట్రైకర్ ప్లేట్లు, అంటే లాచ్‌లు పట్టుకునే చిన్న పలకలు, ఇస్తున్నాడా లేదా అడగండి. హార్డ్‌టాప్ కారుని మూడు చోట్ల పట్టుకుంటుంది. ముందు, విండ్‌షీల్డ్ పైన రెండు లాచ్‌లు, గుడ్డ టాప్‌కి ఉండే లాంటివే. పక్కల, డోర్ గ్లాస్ వెనక చెరో లాచ్, ఇవి కారు బాడీకి బిగించిన స్ట్రైకర్ ప్లేట్లని పట్టుకుంటాయి. వెనక, ట్రంక్ ముందున్న డెక్ మీద రెండు చోట్ల కొక్కేలు దిగుతాయి. ముందువి మీ కారుకి ఎలాగూ ఉంటాయి. పక్కవీ వెనకవీ హార్డ్‌టాప్ లేకుండా పుట్టిన కార్లకి ఉండకపోవచ్చు, బాడీలో బోల్టుల చోటు ఉంటుంది గానీ ప్లేట్లు మనమే కొని బిగించుకోవాలి. ఇది ఒక్కసారి చేసే పనే, సాకెట్ సెట్ ఉంటే ఒక సాయంత్రం. బోల్టులు మొదట వదులుగా పెట్టి, టాప్ ఒకసారి ఎక్కించి లాచ్ సరిగ్గా ఎక్కడ పడుతోందో చూసి అప్పుడు గట్టిగా బిగించండి, నేను ముందే బిగించేసి మళ్ళీ విప్పుకున్నా. "ముందు లాచ్‌లు రెండూ పడ్డాయి కదా చాల్లే" అని ఫ్రీవే ఎక్కేవాళ్ళు ఉంటారు, దయచేసి వద్దు, స్పీడులో గాలి టాప్‌ని పైకి లాగుతుంది, అప్పుడు పక్కవీ వెనకవీ లేకపోతే మొత్తం భారం విండ్‌షీల్డ్ ఫ్రేమ్ మీదే.

ఇప్పుడు బిగించడం. కారు చదునైన చోట పెట్టండి, ఒక చక్రం గట్టు మీద ఉంటే ఈ చిన్న కారు బాడీ కాస్తంత మెలి తిరుగుతుంది, లాచ్‌లు మొండికేస్తాయి. రెండు కిటికీ అద్దాలూ పూర్తిగా దించెయ్యండి. యాంటెన్నా కుడివైపు వెనక ఉంటుంది, మన మోచేతికి సరిగ్గా తగిలే చోట, దాన్ని దించండి లేదా విప్పి పక్కన పెట్టండి. సన్ వైజర్లు కిందకి తిప్పితే లాచ్‌లకి చెయ్యి ఆడుతుంది.

తర్వాత గుడ్డ టాప్ దించాలి, ఇది లోపలే ఉండిపోవచ్చు, తీసెయ్యక్కర్లేదు. ఎన్ఏలో వెనక కిటికీ ప్లాస్టిక్‌ది, దానికి జిప్ ఉంటుంది, ముందు జిప్ తీసి ఆ కిటికీని చదునుగా పడుకోబెట్టి దాని మీద పాత మెత్తటి తువ్వాలు పరిచి అప్పుడు టాప్ మడవండి. జిప్ తియ్యకుండా మడిచారంటే ప్లాస్టిక్ మీద మడత గీత పడి చివరికి అక్కడే చిరుగుతుంది. ఎన్బీకి ఇక్కడ అమ్మినవాటిల్లో గాజు కిటికీ కాబట్టి ఈ గొడవ లేదు. ఇంకోటి, చలిలో ఈ పని పెట్టుకోకండి, చలికి ఆ ప్లాస్టిక్ అప్పడంలా అయిపోతుంది, వంచితే విరుగుతుంది. అక్టోబర్లో ఎండ ఉన్న ఒక ఆదివారం మధ్యాహ్నం పూట చేస్కోండి, మంచు పడే రోజు పొద్దున గుర్తుకొస్తే లేటయినట్టే. గుడ్డ పూర్తిగా ఆరి ఉండాలి కూడా, తడిది మడిచి ఐదు నెలలు మూసేస్తే ఏప్రిల్లో తెరిచినప్పుడు తడి బట్టలు బకెట్లో మరిచిపోయిన వాసన.

గుడ్డ టాప్ దించిన ఈ టైమ్‌లోనే ఇంకో పని, దీన్ని చాలామంది వదిలేస్తారు, నాకైతే మొత్తం వ్యవహారంలో ఇదే ముఖ్యం. సీట్ బెల్టుల వెనక రెండు పక్కలా నీళ్ళు పోయే డ్రెయిన్ రంధ్రాలుంటాయి. టాప్ మీద పడ్డ వాన అంచుల్లోంచి జారి వీటిల్లోంచి దిగి వెనక చక్రాల ముందు నేల మీదకి పోవాలి. ఆకులూ దుమ్మూ చేరి ఇవి మూసుకుపోతే నీళ్ళు కారులోకి వస్తాయి, కార్పెట్ కింద నిలబడతాయి, బాడీ సిల్ (తలుపు కిందుండే భాగం) లోపలినుంచి తుప్పు తింటుంది, మన కంటికి బయట బుడగ కనపడేసరికి లోపల ఏం మిగలదు. పైగా మా ఊరి రోడ్ల మీద చలికాలమంతా ఉప్పు చల్లుతారు. హార్డ్‌టాప్ పెట్టేశాక అక్కడికి చెయ్యి దూరడం కష్టం, అందుకని ముందే మెత్తటి ప్లాస్టిక్ గొట్టం లేదా గడ్డి కోసే ట్రిమ్మర్ తీగ లాంటిది నెమ్మదిగా దూర్చి శుభ్రం చేసి, గ్లాసుడు నీళ్ళు పోసి కింద కారుతున్నాయో లేదో వంగి చూడండి. ఇనప కడ్డీతో పొడవకండి, లోపల గొట్టం చిల్లు పడుతుంది.

డెక్ మీద, విండ్‌షీల్డ్ అంచు మీద, టాప్ అడుగున సీళ్ళ మీద తడిబట్టతో తుడవండి. ఎందుకంటే కారు కదులుతుంటే సీల్ కింద ఇరుక్కున్న దుమ్ము ఉప్పుకాగితంలా పెయింటుని అరగదీస్తుంది. సీల్ ఆనేచోట పెయింటు మీద పారదర్శకంగా ఉండే ఫిల్మ్ అతికించుకుంటే ఇంకా మంచిది. సీళ్ళకి సిలికాన్ గ్రీజు పల్చగా రాయండి, వేలితో రాసి బట్టతో తుడిచేసేంత పల్చగా. ఇంట్లో ఉంది కదా అని వ్యాసలీన్, కొబ్బరినూనె రాయకండి, పెట్రోలియంది రబ్బరుని ఉబ్బిస్తుంది, రెండోది మా నాన్న సలహా, ఆయన తలుపు కిర్రుమన్నా కొబ్బరినూనె, మోకాలు కిర్రుమన్నా కొబ్బరినూనె.

ఎత్తడం. ఊళ్ళో పెళ్ళిళ్ళలో పొయ్యి మీంచి అన్నం గుండిగ దించేటప్పుడు చూశారా, ఇద్దరూ ఒకళ్ళ కళ్ళల్లోకి ఒకళ్ళు చూసుకుని "ఊ" అంటే "ఊ" అని లేపుతారు, ఎవడూ ముందు లేపడు, ఎవడూ ముందు దించడు. ఇదీ అంతే. ఒకరు డ్రైవర్ వైపు, ఒకరు అటువైపు, ఒక చెయ్యి ముందు మూల, ఒక చెయ్యి వెనక పక్కన, బాడీ అంచుని పట్టుకోవాలి, రబ్బరుని కాదు, లాచ్ పిడిని అసలే కాదు. ఉంగరాలు, వాచీలు, బెల్టు బకిల్ ఉన్న ప్యాంటు ముందే వదిలించుకోండి, డోర్ మీద గీత పడ్డాక బాధపడి లాభం లేదు. లాచ్‌లన్నీ తెరిచిన పొజిషన్లో ఉన్నాయో లేదో ఎత్తకముందే చూస్కోండి. ట్రంక్ వైపు నుంచి కారుకి రెండు పక్కలా నడుస్తూ ముందుకొచ్చి, టాప్‌ని కారు పైన ఓ జానెడు ఎత్తులో ఆపండి. ఆగి చూడండి. మధ్యకి ఉందా?

నా అలవాటు ఏంటంటే ముందు అంచుని విండ్‌షీల్డ్ మీద మెత్తగా ఆనించి, అప్పుడు వెనక భాగం దించుతూ కొక్కేలు వాటి చోట్లలో పడ్డాయా లేదా చూస్తాం. ఈ టైమ్‌లో మూడో మనిషి ఉంటే బావుంటుంది, ఎత్తక్కర్లేదు, వెనక నిలబడి "కొంచెం ఎడమ, ఇంకొంచెం, ఆ" అనే మనిషి చాలు, మా పెద్దమ్మాయి ఆ పని బ్రహ్మాండంగా చేస్తుంది, అరవడం దానికి ఇష్టం. పడలేదంటే మళ్ళీ ఎత్తండి, ఈడ్చకండి. ఈడిస్తే సీల్ మడతపడి లోపలికి తిరుగుతుంది, మొదటి వానకి మీ ఒళ్ళో కారుతుంది.

అన్నీ కుదిరాక, అప్పుడు ముందు లాచ్‌లు రెండూ వెయ్యండి, తర్వాత పక్కవి. ఏదీ బలం పెట్టి నొక్కాల్సిన పని లేదు, అరచేత్తో నొక్కితే పడాలి, పడకపోతే ఎక్కడో పక్కకి ఉన్నట్టే. ముందు లాచ్ కొక్కేన్ని తిప్పి పొడుగు తగ్గించొచ్చు పెంచొచ్చు, టాప్ లొడలొడమంటే అరచుట్టు చొప్పున బిగించుకుంటూ పోండి, రెండు పక్కలా సమానంగా. మరీ బిగిస్తే సీల్ చితికిపోయి త్వరగా చస్తుంది. ఆఖర్న డీఫ్రాస్టర్ వైరు ఉంటే సీట్ల వెనక దాని కనెక్టర్ కలపండి. అద్దాలు నెమ్మదిగా పైకి లేపి టాప్ సీల్‌కి ఎక్కడ ఆనుతున్నాయో చూడండి, వేలు దూరే సందు ఉంటే ఫ్రీవే మీద ఈల వినిపిస్తుంది.

ఊళ్ళో ఓ పది మైళ్ళు తిరిగొచ్చి లాచ్‌లన్నీ మళ్ళీ ఒకసారి చేత్తో చూడండి, మొదటిసారి సీళ్ళు సర్దుకుని కాస్త వదులవుతాయి. కిచకిచ శబ్దం వస్తే చాలావరకు లాచ్ కొక్కెం దగ్గరే, అక్కడ చుక్క గ్రీజు పెడితే నోరు మూస్తుంది. గట్టి టాప్ కదా అని కారు బోల్తాపడితే కాపాడుతుందనుకోకండి, ఇది ప్లాస్టిక్ లాంటి మిశ్రమంతో చేసిన కప్పు, రోల్ బార్ కాదు. గడ్డకట్టే చలిలో తలుపు తీసేముందు అద్దం సీల్‌కి అంటుకుపోయిందేమో చూసి తియ్యండి, లాగితే సీల్ ఊడి చేతికొస్తుంది.

తియ్యడం అంటే ఇదంతా తిరగేసి, పక్క లాచ్‌లు ముందు, తర్వాత విండ్‌షీల్డ్ దగ్గరవి. కానీ వాటన్నిటికంటే ముందు డీఫ్రాస్టర్ కనెక్టర్ ఊడదీయాలి. దీన్ని పెద్ద అక్షరాలతో రాసి గరాజ్ గోడకి అంటించండి. రెండో ఏడు నేనూ మా బావమరిదీ "ఊ" అనుకుని లేపాం, టాప్ జానెడు లేచింది, ఆ తర్వాత ఎవరో కింద నుంచి పట్టుకున్నట్టు ఆగిపోయింది, "బావా ఏదో లాగుతోంది" అని వాడు అనేలోపు టక్ మంది. కనెక్టర్ తెగలేదు గానీ వైరు మొదట్లో ఊడింది, మళ్ళీ అతికించడానికి ఒక శనివారం పోయింది.

ఇక అసలు విషయం, ఎక్కడ పెట్టాలి.

ఏం చెయ్యకూడదో ముందు. గాజు మీద బోర్లా పెట్టొద్దు. సిమెంటు నేల మీద సీళ్ళు ఆనేట్టు నెలల తరబడి వదలొద్దు, రబ్బరు అణిగిపోయి మళ్ళీ లేవదు. ప్లాస్టిక్ టార్పాలిన్ చుట్టొద్దు, లోపల చెమ్మ చేరి లైనింగ్‌కి బూజు పడుతుంది, పాత కాటన్ దుప్పటి చాలు. అటక మీదకి ఎక్కించొద్దు, ఇక్కడి ఇళ్ళల్లో అటకలు వేసవిలో ఆవం పెట్టినట్టు కాలతాయి, రబ్బరు పెళుసవుతుంది, అసలు ఆ చిన్న తలుపులోంచి అది దూరదు కూడా. ఎలుకల సంగతి మర్చిపోవద్దు, లైనింగ్, ఫోమ్ వాటికి పరుపు సామాను.

చోటు తక్కువుంటే గోడే దారి. ఊళ్ళో పొద్దున్నే నులక మంచాన్ని లేపి గోడకి నిలబెట్టేవాళ్ళు కదా, ఆ పద్ధతే. గోడకి తగిలించే బ్రాకెట్లు దొరుకుతాయి, టాప్ ముందు అంచు వాటి మీద వేలాడుతుంది, వెనక భాగం కిందకి గోడ వైపు. బ్రాకెట్ స్క్రూలు గోడ పైపలక షీట్‌రాక్‌లోకి కాకుండా లోపలున్న చెక్క స్టడ్‌లోకి దిగాలి, స్టడ్ ఫైండర్‌తో వెతుక్కోండి. బ్రాకెట్‌కి ఫోమ్ గొట్టం తొడగండి, నీళ్ళ పైపులకి చలికి తొడుగుతారే అది, డాలర్లలో పోతుంది. చక్రాల బండి స్టాండులు కూడా ఉన్నాయి, టాప్‌ని నిలువుగా పట్టుకుని మూలకి తోసెయ్యొచ్చు, అద్దె ఇళ్ళల్లో ఉండేవాళ్ళకి అదే నయం, గోడకి చిల్లులు పెడితే డిపాజిట్ పోతుంది కాబట్టి. స్టాండు కొంటే చక్రాలకి బ్రేకులున్నది కొనండి, పిల్లలున్న ఇల్లయితే మరీను.

నేను మాత్రం ఉట్టి కట్టాను. మా అమ్మమ్మ పిల్లికి అందకుండా పాలకుండ వేలాడదీసేది చూడండి, అచ్చం అదే, కాకపోతే కప్పీలు ఉంటాయి. గరాజ్ సీలింగ్‌కి నాలుగు తాళ్ళతో కయాక్, సైకిళ్ళు పైకి లాగే హాయిస్టులు దొరుకుతాయి, 100 పౌండ్లకి తక్కువ కాకుండా మోసేది తీసుకోండి, టాప్ అందులో సగమే కాబట్టి నిశ్చింత. దీంతో పెద్ద లాభం ఏంటంటే కారు కింద నిలబెట్టి టాప్‌కి పట్టీలు తగిలించి లాచ్‌లు తీసి తాడు లాగితే సరి, ఎత్తడానికి బావమరిది అక్కర్లేదు. వాడు ఇప్పుడు డాలస్ వెళ్ళిపోయాడు కాబట్టి ఈ లాభం నాకు బాగా తెలుసు.

కానీ ఉట్టి కట్టేముందు ఆ టేపు పని. గరాజ్ పెద్ద తలుపు తెరిచినప్పుడు అది పైకెళ్ళి సీలింగ్ కింద పడుకుంటుంది, దాని పట్టాలు లోపలికి చాలా దూరం వస్తాయి, మధ్యలో తలుపు లాగే మోటారు కడ్డీ ఒకటి. టాప్ వేలాడితే దాని మందం ఓ అడుగున్నర అయినా ఉంటుంది, అది తలుపు దారిలో పడకూడదు. అందుకని తలుపు పూర్తిగా తెరిచి ఉంచి, దాని అంచు ఎక్కడ ఆగుతోందో అక్కడ నేల మీద టేపు అంటించి, ఆ గీత వెనక ఎంత చోటు మిగిలిందో చూడండి. అక్కడికి కారు ముందుకి వస్తుందా? వస్తే ఉట్టి, రాకపోతే గోడ. మా గరాజ్‌లో కారు మూతి ఫ్రీజర్‌కి బెత్తెడు దూరంలో ఆగితేగానీ టాప్ సరిగ్గా ఉట్టి కిందకి రాదు, ఆ ఫ్రీజర్ జరపడం గురించి ఇంట్లో చర్చలు నడిచాయి, అవి ఇక్కడ అనవసరం.

సీలింగ్ పైన చెక్క దూలాలు మామూలుగా 16 లేదా 24 అంగుళాలకి ఒకటి ఉంటాయి, హుక్కులు ఆ దూలాల్లోకే దిగాలి. మీ టాప్ వెడల్పుకి దూలాలు సరిగ్గా కుదరవు, నాకూ కుదరలేదు, అప్పుడు రెండు దూలాలకి అడ్డంగా ఒక చెక్కపలక లాగ్ స్క్రూలతో బిగించి దానికి కప్పీలు పెట్టండి. స్క్రూ దూర్చేముందు సన్నటి డ్రిల్‌తో దారి చెయ్యండి, లేకపోతే దూలం చీలుతుంది. పట్టీలు వెడల్పువి వాడండి, సన్నటి తాడు అంచుని కోస్తుంది. ఒక పట్టీ ముందు అంచు కింద, ఒకటి వెనక గాజు కిందున్న అంచు దగ్గర, గాజు మీద ఏమాత్రం భారం పడకుండా, ఆ రెండు పట్టీలనీ కలుపుతూ నిలువుగా ఇంకో పట్టీ కట్టాలి, అది లేకపోతే ముందు పట్టీ జారుతుంది. వెనక బరువెక్కువ అని చెప్పా కదా, లాగేటప్పుడు వెనక కిందకి వాలుతుంది, తాడు పొడుగులు సర్ది ముందే సమం చేస్కోండి. మొదటిసారి ఒక అడుగు లేపి ఆపి, కారుని కాస్త వెనక్కి జరిపి, కింద పాత పరుపు పరిచి, ఓ గంట అలా వదిలేసి చూడండి.

పైకి లాగాక హాయిస్ట్ బ్రేకుని ఒక్కదాన్నే నమ్మొద్దు. తాడు కొసని గోడ క్లీట్‌కి, అంటే తాడు చుట్టే కొక్కేనికి, ఎనిమిది ఆకారంలో చుట్టండి, పట్టీల కింద నుంచి రెండు గొలుసులు సీలింగ్ హుక్కులకి విడిగా తగిలించండి. కింద నిలబడేది మన పిల్లలే. కారు ప్రతిసారీ ఒకే చోట ఆగడానికి సీలింగ్ నుంచి దారంతో ఒక టెన్నిస్ బంతి వేలాడదీశా, బంతి విండ్‌షీల్డ్‌కి తగిలితే బ్రేక్, టాప్ సరిగ్గా నెత్తిమీదే ఉంటుంది.

అక్టోబర్లో దించేముందు దుప్పటి తీసి లోపలంతా టార్చ్ వేసి చూడండి. పోయినేడు మా దాంట్లో లైనింగ్ మూలన పల్లీ తొక్కలు కనపడ్డాయి. తాళ్ళ మీద నడిచొచ్చిందో దూలం మీంచి దిగిందో తెలీదు, మా అమ్మమ్మ ఉట్టికి పిల్లి భయం, నా ఉట్టికి ఎలుక భయం. ఇప్పుడు తాళ్ళ మీద కూల్‌డ్రింక్ సీసాలు సగానికి కోసి గరాటుల్లా తొడిగా, ఈ ఏడు ఇంకా తొక్కలు కనపడలేదు.